బోరింగు చెడగొట్టింది ఓబులేసు మామ కాదు

పదేళ్లు ఒక మాటను మోశాను. చేసిన పని కంటే ఆ మాటే బరువు. పని పావుగంటలో అయిపోయింది. మాట మాత్రం నాతోపాటు సైకిలెక్కింది, మోపెడ్డెక్కింది, ఊరూరా తిరిగింది. నేను పైకి వచ్చిన కొద్దీ అదీ పెరిగింది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఇంత విడమరిచి మీతో చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు వద్దు. మా ఊరి పేరూ వద్దు. అనంతపురం నుంచి బస్సులో రెండు గంటలు. చెనక్కాయ తప్ప వేరే పంట ఎరగని ఊరు, అది కూడా ఏడాది విడిచి ఏడాది ఎండిపోయే ఊరు. తొంభైల చివర, నాకు ఇరవై ఆరేళ్లప్పుడు, నా భర్త బళ్లారిలో ఇంకో సంసారం పెట్టాడు. నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చాను. నాయన ఏమీ అనలేదు. ఊరు మాత్రం నన్ను పేరుపెట్టి పిలవడం మానేసింది. "మొగుడిడిసిన పిల్ల" అయ్యాను. కూలికి పోతే అదే పేరు. నీళ్లకు పోతే అదే పేరు. నా కూతురు కూడా విని, అది నిజంగానే నా పేరనుకుంది.

ఆ ఏడాదే ఆడవాళ్లకు బోరింగు పంపులు బాగుచేయడం నేర్పిస్తారని కబురు వచ్చింది. ఏడో తరగతి చదివి ఉంటే చాలన్నారు. నేను ఎనిమిది చదివాను. పాపను అమ్మ దగ్గర వదిలి అనంతపురం పోయాను.

పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల గురించి ఎప్పుడు తలచుకున్నా ఇప్పటికీ నా ఒళ్లు తేలికవుతుంది. మొదటిరోజు పానా పట్టుకోవడానికి అందరం సిగ్గుపడ్డాం. మూడోరోజుకు కొంగు నడుముకు బిగించి ఇనుప పైపులు భుజాన మోశాం. నా చేతులకు గ్రీజు అంటింది. ఆ వాసన నాకు నచ్చింది. భూమిలో కంటికి కనబడని లోతులో రాడ్డు ఎలా కదులుతోందో, వాషరు ఎక్కడ అరిగిందో, పిడి కొట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి చెప్పడం నేర్చుకున్నాను. నేర్పించే ఆయన కళ్లు మూసుకుని వినమనేవాడు. నేను చెప్పింది ఒక్కసారి కూడా తప్పు కాలేదు. నా చేతులకు ఇంత తెలివి ఉందని ఇరవై ఆరేళ్లు నాకెవరూ చెప్పలేదు.

పానాల సంచీ భుజాన వేసుకుని ఊళ్లోకి దిగాను. ఎవరూ పిలవలేదు.

నాలుగు నెలలు. ఒకసారి పంపు కిర్రుమంటుంటే గ్రీజు పెడదామని పోయాను. సర్పంచి తమ్ముడు నా చేతిలోంచి పానా లాక్కుని పక్కన పెట్టాడు. "ఇది సంగటి కెలికే తెడ్డు కాదమ్మా" అన్నాడు. అక్కడున్న ఆడవాళ్లే ముందు నవ్వారు. వాళ్ల నవ్వే నాకు ఎక్కువగా తగిలింది. ఇంటికొచ్చి సంచీ అటక మీద పెట్టాను. మళ్లీ కలుపు కూలికి పోయాను. నేర్చుకున్నది వేళ్లలోంచి కారిపోతున్నట్టు ఉండేది. ఒకసారి వేరే మనిషినయ్యాక మళ్లీ పాత మనిషిగా బతకమంటే ఎలా? ఇది నాకు నేను చెప్పుకునే సాకు కావచ్చు. అయినా చెబుతున్నాను.

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. ఊళ్లో పురుగు కూడా కదలని ఎండ. నేను సంచీ దించి బోరింగు దగ్గరికి పోయాను. పైనున్న మూత విప్పాను. పిడిని చైనుకు కలిపే బోల్టు ఒకటుంటుంది. దాని నట్టు తీసేశాను. బోల్టును అలాగే వదిలేసి మూత బిగించాను. పదిమంది కొట్టేసరికి బోల్టు జారుతుంది, పిడి ఊరికే ఊగుతుంది, నీళ్లు రావు. అప్పుడు నన్ను పిలుస్తారు, నేను నట్టు పెడతాను. అంతే అనుకున్నాను. ఒక్క గంట పని. ఎవరికీ ఏ నష్టమూ లేదు. నిజంగా అలాగే అనుకున్నానా? వేసవిలో, ఊరంతటికీ ఉన్న ఒక్క పంపును నిలిపేస్తూ, ఎవరికీ నష్టం లేదనుకున్నానా? అనుకున్నాను. మనిషి తనకు కావలసింది ఎదురుగా ఉంటే ఏమైనా అనుకోగలడు.

సాయంత్రం గొర్లు మళ్లే వేళకు ఓబులేసు మామ వచ్చాడు. యాభై దాటిన మనిషి. భార్య పోయింది, ఒక్క కూతురు విడపనకల్లు పక్కన కాపురముంది. గొర్లే ఆయన సంసారం. పంపు పక్కన తొట్టి నింపి వాటికి నీళ్లు పెట్టేవాడు. ముందు ఆడవాళ్లందరి బిందెలూ నిండాకే తను పిడి ముట్టేవాడు. అంత మర్యాద గల మనిషి. ఆయన బలంగా పిడి నొక్కుతుండగా బోల్టు జారింది. లోపల రాడ్ల బరువంతా ఒక్కసారిగా కిందికి పోయింది. భూమిలోంచి దడేల్మని చప్పుడు. చేతికింద బరువు మాయమై ఆయన ముందుకు బోర్లా పడ్డాడు. పెదవి పగిలింది. మా వాకిట్లో నిలబడి నేను ఆ చప్పుడు విన్నాను. అది నట్టుతో పోయే చప్పుడు కాదని అప్పుడే తెలిసింది.

అయినా నన్ను పిలవలేదు. మండలం నుంచి మెకానిక్కులు రావాలన్నారు. ఆ వేసవిలో ఏ ఊరి పంపు బాగుంది గనుక, వాళ్లు వెంటనే రావడానికి? తొమ్మిది రోజులు. మా ఆడవాళ్లు మైలున్నర దూరంలో ఒక తోట బావికి నడిచారు. కరెంటు ఉన్నప్పుడే నీళ్లు. మా పక్కింటి లక్ష్మక్కకు అప్పుడు ఏడో నెల. రెండు బిందెలతో ఆ ఎండలో వస్తూ ఆమె దారి పక్కన కూర్చుండిపోవడం చూశాను. పరిగెత్తి పోయి బిందె అందుకున్నాను. "పుణ్యాత్మురాలివే" అంది నన్ను.

పదోరోజు పొద్దున ఆడవాళ్లే అన్నారు, ఆ పిల్లనే చూడనీయండి, పోయేదేముంది అని. సర్పంచి సరేనన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది నా జీవితంలోకెల్లా మంచి రోజు. దాచను. నేరం పునాది మీద నిలబడిన రోజే అయినా, ఆ సంతోషం నాదే. రాడ్లు పడిన దెబ్బకు లోపల ఒక రాడ్డు జాయింటు దగ్గర విరిగింది. అంటే పైపులన్నీ పైకి లాగాలి. నేర్చుకునేటప్పుడు చేశాను కానీ అప్పుడు పక్కన నేర్పించే ఆయన ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ లేరు. పన్నెండు మంది ఆడవాళ్లను నిలబెట్టాను. కొంగులు దోపుకోమన్నాను. "లాగు" అంటే లాగారు, "పట్టు" అంటే పట్టారు. ఒక్కొక్క పైపే భూమిలోంచి లేచి వస్తుంటే మగవాళ్లు అరుగుల మీద నుంచి దిగి దగ్గరికి వచ్చారు. విరిగిన రాడ్డు తీసి, పంచాయతీ గదిలో ఉన్న సామానులోంచి కొత్తది తెప్పించి బిగించాను. వాషర్లు మార్చాను. మళ్లీ ఒక్కొక్క పైపు దించాం. చేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం దాటాక పిడి పట్టుకున్నాను. ఇరవైసార్లు కొట్టినా ఏమీ లేదు. తర్వాత లోపల గడగడలాడింది. తుప్పు రంగు నీళ్లు, తర్వాత బురద నీళ్లు, తర్వాత తెల్లటి ధార.

లక్ష్మక్క దోసిలి పట్టి తాగి నన్ను పేరుపెట్టి పిలిచింది. ఊళ్లో నా పేరు వినిపించి ఏడాది దాటింది.

అప్పుడే ఓబులేసు మామ ముందుకు వచ్చాడు. పెదవి ఇంకా మానలేదు. తొమ్మిది రోజులుగా ఊరు ఆయన్ను తిడుతోంది. గొర్ల కోసం గొడ్డును బాదినట్టు బాది పంపు విరగ్గొట్టాడని.

"పాపా, నువ్వు నేర్చుకున్నేదానివి. లోపల సూసినావు. ఉండేది ఉన్నెట్ల చెప్పు. నేను కొట్టినందుకే ఇరిగిందా?"

అందరూ నా వైపు చూశారు. సర్పంచి, ఆయన తమ్ముడు, పన్నెండు మంది ఆడవాళ్లు, నాయన. తీసిన నట్టు నా పక్కనే, సంచీ అడుగున ఉంది.

"గట్టిగా కొడితే రాడ్డు తట్టుకోదు మామా" అన్నాను.

"నేను దినామూ కొట్టేట్లే కొట్టినా గదా."

నేను పానాలు తుడుచుకుంటూ తల వంచుకున్నాను.

"ఇనపడిందా ఓబులేసూ? మెకానిక్కమ్మే చెప్తాంది" అన్నాడు సర్పంచి. "రేపట్నుంచి నీ గొర్లను ఈడికి తోలుకు రావద్దు."

ఆయన నన్ను ఇంకో క్షణం చూశాడు. గొర్లను మళ్లించుకుని పోయాడు.

నేనన్న వాక్యాన్ని విప్పి చూడండి. అందులో అబద్ధం లేదు. గట్టిగా కొడితే రాడ్డు తట్టుకోదు, నిజమే. అందుకే అది అంత నీచమైనది. అబద్ధమాడి ఉంటే ఏదో ఒకరోజు భయపడి వెనక్కి తీసుకునేదాన్నేమో. నిజాన్నే ఆయన మీదికి విసిరాను. "మెకానిక్కమ్మ" అని ఊళ్లో మొదటిసారి నన్ను పిలిచిన మాటా, ఆయన్ను పంపు దగ్గర్నుంచి వెళ్లగొట్టిన మాటా ఒకే నోట ఒకేసారి వచ్చాయి. నేను మొదటిదే విన్నాను. వినాలని విన్నాను.

ఆయన కొన్నాళ్లు రెండూళ్ల అవతల చెరువు గుంటకు గొర్లను తోలాడు. ఆ గుంటా ఎండింది. వేసవి ముగిసేసరికి సగం మందే మిగిలిన మనిషి, వానలు పడేసరికి ఆ మిగిలిన గొర్లనూ అమ్మేసి కూతురి ఊరికి పోయాడు. ఎవరికీ చెప్పి పోలేదు.

నేను మాత్రం ఎదిగాను. మండలంలో ఏ పంపు చెడినా నాకే కబురు. సైకిలు నేర్చుకున్నాను. చీరతో సైకిలు తొక్కుతుంటే చూడడానికి జనం నిలబడేవారు. రెండేళ్లకు నిలబడడం మానేశారు. అదే నా గెలుపు. పక్క మండలాలకు పోయాను. తర్వాత నేర్పించే మనిషిని అయ్యాను. అదే అనంతపురంలో, నేను సిగ్గుపడుతూ పానా పట్టిన చోటే, కొత్త ఆడవాళ్లకు పానా పట్టించాను. కళ్లు మూసుకుని వినమన్నాను. నా కూతురు బడిలో తల్లి పని అన్నచోట మెకానిక్ అని రాసి, పంతులు మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పింది. ఇదంతా ఎవరిచ్చిందీ కాదు, నా చేతులతో సంపాదించుకున్నాను. ఇందులో ఏదీ వదులుకోను. ఆ నట్టు తీయకపోయి ఉంటే ఇదంతా ఉండేదా? ఉండేదేమో. ఇంకో ఏడాదికో, రెండేళ్లకో. ఓపిక పట్టి ఉంటే. ఆ లెక్క తేలదు.

ఈలోగా మా వైపు ఊళ్లలో ఒక మాట పుట్టింది. ఎవరైనా మోటుగా ఏదైనా విరగ్గొడితే "ఓబులేసు దెబ్బ" అనడం. మా ఊళ్లో పుట్టి మండలమంతా పాకింది. ఆయన ఎవరో తెలియనివాళ్లు కూడా అనేవారు. ఒకరోజు శిక్షణలో ఒక అమ్మాయి పిడిని బలంగా నొక్కుతోంది. "ఏమ్మా, ఓబులేసు దెబ్బ కొడుతున్నావే" అన్నాను.

నేనే అన్నాను. అందరూ నవ్వారు. క్లాసు మధ్యలో ఆపి బయటికి వచ్చాను.

ఆ వారమే విడపనకల్లు బస్సెక్కాను. నల్లరేగడి పొలాల మధ్య ఆయన కూతురి ఊరు. వేపచెట్టు కింద మంచం మీద ఉన్నాడు. ఎవరివో నాలుగు గొర్లు కాస్తున్నాడట. నన్ను చూసి గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. నట్టు, మూత, మిట్టమధ్యాహ్నం, అంతా. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఆయన మీద పెట్టదలచుకోలేదు.

మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించాడు.

"నాకెందుకు చెప్తాండావు పాపా? నేను ఇరగ్గొట్టలేదని నాకు ఆ పొద్దే తెలుసు. తెలియంది ఊరికి. ఆడ చెప్పు."

తప్పైపోయింది మామా అన్నాను. ఆయన లేచి గొర్ల వైపు పోయాడు. నేను బస్సుకు నడిచాను.

మరుసటి పొద్దున మా ఊరి బోరింగు దగ్గర, బిందెలు వరసలో ఉన్న వేళ, పిడి పట్టుకుని నిలబడి చెప్పాను. పైపులు లాగించిన రోజు "లాగు" అని అరిచిన గొంతే వచ్చింది. మొదట పరాచికమనుకుని నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. సర్పంచి తమ్ముడు తిట్టాడు, పట్టుకున్న పిడి వదలకుండా విన్నాను. పైపులు లాగిన ఒకామె "మా చేత పని చేయించుకొని మమ్మల్నే ఎర్రోళ్లను చేసినావు" అంది. అప్పుడు లక్ష్మక్క కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. లక్ష్మక్క బిందె ఎత్తుకుని, నా పక్క నుంచి, నన్ను తాకకుండా పోయింది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. లక్ష్మక్క ఇంకా మాట్లాడదు. మా ఊరి పంపుకు రెండుసార్లు వేరే మెకానిక్కును పిలిచారు, మూడోసారి నన్నే పిలిచారు. పోయాను, బాగుచేశాను, ఎవరూ కాఫీ తాగమనలేదు. ఓబులేసు మామకు కబురు చేరిందని తెలిసింది. ఆయన రాలేదు. రమ్మని అడిగే హక్కు నాకు లేదు. ఆయన క్షమించాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి మళ్లీ పోను.

కానీ ఆ పొద్దున పంపు దగ్గర ఒకటి జరిగింది. అందరూ పోయాక నేనొక్కదాన్నే మిగిలాను. సిగ్గుతో నేల చూస్తాననుకున్నాను. చూడలేదు. తల ఎత్తే నిలబడ్డాను. ఇన్నేళ్లూ నన్ను మెకానిక్కమ్మా అని పిలిచినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసుకునే ఒక ఆడది నాలో ఉండేది. ఆ పొద్దున ఆమె లేదు. నేను చేసిన చెడ్డా నాదే, నేను చేసిన మంచీ నాదే, రెండూ ఊరికి తెలుసు. ఇక ఎవరైనా నన్ను ఏ పేరుతో పిలిచినా, పిలిచేది నన్నే.