సముద్రం అవతలి రాజుగారి తరఫున

ఆ రోజుల్లో ఇంటికి ఫోన్ చేస్తే ముందు కరోనా హెచ్చరిక తాలూకు దగ్గు వినిపించేది, తర్వాత అమ్మ. ఆ దగ్గు కూడా మనిషిదే కదా అని శ్రద్ధగా వినేదాన్ని. నా పరిస్థితి అలా ఉండేది. కాకినాడ నుంచి తొలి ఉద్యోగానికి దుబాయ్ వచ్చి, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో వదిన (మేనత్త కూతురు) దగ్గర చేరాను. ఆవిడ భర్తతో కలిసి పురిటికి ఊరెళ్లింది, వెనకే విమానాలు ఆగిపోయాయి. ఆఫీసు ఇంట్లోకి వచ్చింది, మనుషులు మాత్రం రాలేదు. అందుకే మన తెలుగువాళ్ల సంఘం ఆన్‌లైన్‌లో వాదనల పోటీ పెడుతోందనగానే పేరిచ్చేశాను. సముద్రం దాటి వెళ్లి వలసరాజ్యంలో స్థిరపడినవాళ్ల మీద, వాళ్లను అడక్కుండా, స్వదేశపు రాజు పన్ను వేయవచ్చా అన్నది విషయం. చీటీలో నాకు రాజుగారి పక్షం వచ్చింది. (ఏ పక్షమైనా ఫరవాలేదు, వినేవాళ్లుంటే చాలు.)

రోజూ సాయంత్రం బాల్కనీలో నిలబడి సాధన చేసేదాన్ని. "సముద్రం అవతల ఉన్నంత మాత్రాన రాజు రాజు కాకుండా పోతాడా? అడిగింది ఇవ్వడం మన ధర్మం!" అని గర్జించేదాన్ని. పక్క బాల్కనీలో, అడ్డుగోడ వెనక, ఒకరు కూర్చుని వింటున్నారని నాకు తెలియదు. గదిలో నెట్ సరిగా రాదని పోటీ రోజు కూడా అక్కడే కూర్చున్నాను. సరిగ్గా ఆ వాక్యం దగ్గర నా గొంతు తారస్థాయికి చేరగానే, గోడ వెనక నుంచి ఓ ముసలి గొంతు నా మైకులోకి దూకింది.

"ఇగో బిడ్డా, దినాం ఇంటున్న. ఎవడే గా రాజుగాడు? ఆడ కూసోని నీ జీతం పంపుమంటున్నడా? ఒక్క దిర్హం ఇయ్యకు! ఏం జేస్తడో నేను జూస్త!"

తెర మీద తలలన్నీ నవ్వుతో ఊగిపోయాయి. న్యాయనిర్ణేతగా ఉన్న రిటైరైన చరిత్ర మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఎదుటి పక్షానికి ఇంకో వక్త ఉన్నారని చెప్పలేదేమ్మా?" అన్నారు. నేను ఓడిపోయాను.

గోడ వెనకావిడ జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కొడుకును చూడ్డానికి వచ్చి చిక్కుకుపోయిన పెద్దమ్మ. కొడుకూ కోడలూ చెరో గదిలో తలుపులు వేసుకుని ఆఫీసు మీటింగుల్లో ఉండేవారు. ఆ రాజెవరో నేను వివరిస్తే కడుపుబ్బ నవ్వి, మర్నాడు తానే పిలిచింది.

"ఇయ్యాల నేను రాజు దిక్కు మాట్లాడ్త. నువ్వు గా పోయినోళ్ల దిక్కు."

నేను వెంటనే పక్షం మార్చేశాను. "మమ్మల్ని అడక్కుండా పన్నెలా వేస్తారు? అక్కడి సభలో మా తరఫున మాట్లాడే మనిషే లేడు!"

గోడవతల ఇంట్లో పెద్దమ్మ కొడుకు ఎవరినో "యల్లా, ఖలాస్ చేయండి" అని తొందరపెడుతున్నాడు.

"పైసల కోసం గాదు బిడ్డా," అంది పెద్దమ్మ. "గంత దూరం పోయినోళ్లు నన్ను యాది జేస్తున్నరా లేదా, ఎట్ల ఎర్కైతది మరి?"

నేను చేతులెత్తేశాను. "రాజు గెల్చిండు గద!" అని ఆవిడే నవ్వేసింది.

విమానాలు మొదలవగానే పెద్దమ్మ వెళ్లిపోయింది. ఆ మరుసటి సాయంత్రం అలవాటుగా బాల్కనీలోకి వచ్చి, రాజు తరఫునా వలసవాసుల తరఫునా నేనే వాదించాను. (ఫలితం తేలలేదు.)

ఇప్పుడు ఆఫీసులో నేను మాట్లాడితే అందరూ మర్యాదగా వింటారు. ఖాళీ బాల్కనీ వైపు తిరిగి రెండు గొంతులతో పోట్లాడుకుంటున్న అప్పటి నేను, ఆ ఇరవై రెండేళ్ల పిల్ల, గుర్తొస్తే నవ్వొస్తుంది. వెళ్లి, పెద్దమ్మలా గోడ వెనక నుంచి, దాని మాటకు ఒక్కసారి అడ్డు తగిలి రావాలనిపిస్తుంది.