వెల్డా తూకం

ఆ శనివారం సాయంత్రం కాటా కొక్కేనికి వేలాడుతున్న సంచిలో ఉన్నది పత్తి కాదు, లియోటా టాకెట్ నాలుగు నెలల కూతురు వెల్డా. సంచి అంచు మీదుగా రెండు గుండ్రటి కళ్లు లోకాన్ని చూస్తున్నాయి.

"ఇవాళ పత్తికి కళ్లొచ్చాయేంటమ్మా?" అన్నాడు తూకం వేసే డెంప్సీ, కాటా కడ్డీ మీద గుండు జరుపుతూ.

"నవ్వింది చాల్లే, ఎంతుందో చెప్పు."

"సంచి తీసేస్తే పదకొండు పౌన్లు."

లియోటా తనే కాటా కడ్డీ మీదికి వంగి చూసింది. రెండు వారాల కిందట, ఈ పొలానికి మారకముందు, బటన్‌విల్లో దగ్గరి పొలంలో తూచినప్పుడు పాప పన్నెండు పౌన్లుంది.

కెర్న్ లోయలో డేరాలు వేసుకుని పత్తి తీసే తల్లులందరికీ ఆ అలవాటుండేది. వారం చివర, పత్తి తూకాలయ్యాక, పసిబిడ్డను సంచిలో పెట్టి కాటాకి తగిలించేవారు. అంతకంటే దగ్గరలో వేరే తూనిక ఎక్కడుంది? కిందటేడు ఓక్లహోమాలో భూస్వామి ట్రాక్టరు కొని కౌలుదార్లను వెళ్లగొట్టాక, లియోటా, మొగుడు ఆర్వల్ పాత కారు మీద పరుపు కట్టుకుని కాలిఫోర్నియా చేరారు. బఠాణీలు కోశారు, పీచ్ పళ్లు దింపారు. వెల్డా పీచ్ తోటలోనే పుట్టింది. ఇప్పుడు పత్తి. అక్టోబరులో ఆ డేరాల్లో ఇద్దరు పసివాళ్లు విరేచనాలతో పోయారు. ఇద్దరూ ముందు బరువు తగ్గిన వాళ్లే.

"నీ పాలు పల్చబడ్డాయే పిల్లా," అంది పక్క డేరా ముసలమ్మ డోవీ. "డబ్బా పాలు పట్టు."

"పల్చబడితే పాప ఏడవాలిగా? ఏడవట్లేదే!"

"ఓపిక లేని పిల్లలూ ఏడవరు," అనేసి డోవీ నాలిక కరుచుకుంది.

లియోటా ఆ రోజునుంచి పాలు పట్టిన ప్రతిసారీ డేరా గుడ్డ మీద బొగ్గుతో గీత గీసింది. ఆదివారానికి గీతలు గుంపు కట్టాయి. వాటిని చూస్తే ధైర్యం రాలేదు సరికదా, ఇంకో గీత గీయాలన్న కంగారు ఎక్కువైంది.

అవతలి డేరాలో మార్టన్ హేల్ అనే మనిషి ఉండేవాడు. ఉత్తరాన నది డెల్టాలో పడవ నడిపేవాడి కొడుకు. రెండు నవలలు రాస్తే చుట్టాలు తప్ప ఎవరూ కొనలేదట. ఈ పని చేసేవాళ్ల మీద మూడోది రాయాలని, వాళ్లతోపాటే పత్తి తీస్తున్నాడు. రోజంతా వంగినా అతని సంచి నిండేది కాదు. సాయంత్రమైతే నోటుపుస్తకం తీసి అందరినీ ప్రశ్నలడిగేవాడు. యజమాని పంపిన వేగులవాడని కొందరి అనుమానం. లియోటాకి అనుమానం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. మేం బీన్స్‌లో ఉప్పెంత వేస్తామో తెలిసి ఈయనేం చేసుకుంటాడు?

"పాప తగ్గిందని మీకెలా తెలిసింది?" అని అడిగాడతను.

"కాటా చెప్పింది."

"చూస్తే తెలియదా అమ్మా?"

"నీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అదీ సంగతి," అంది. అంది కానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. డేరాలోకి వెళ్లి వెల్డాను వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పాప గౌను వీపు దగ్గర నాడాలతో ముడిపడేది. బటన్‌విల్లోలో పొడుగాటి ముడి వేసేది. మొన్న గురువారం ఆ నాడాలు అందక, తనే ఇంకో పేలిక కుట్టింది. చేత్తో కుట్టి కూడా మర్చిపోయింది!

"ఏమయ్యా రచయితా," అని కేకేసింది. "కాటా తగ్గిందంటోంది, గౌను పెరిగిందంటోంది. రెంటిలో ఒకటి అబద్ధమాడుతోంది."

సోమవారం సాయంత్రం పిండి సంచి భుజాన వేసుకుని కాటా దగ్గరికి బయల్దేరింది. ఆర్వల్ అడ్డం వచ్చాడు.

"ఏమే, కాటాని అనుమానిస్తే పని ఉంటుందా మనకి?"

"నేను పత్తి సంగతి అడగట్లేదు. పిల్ల సంగతి అడుగుతున్నా."

"వాళ్లకి రెండూ ఒకటే!"

"నాకు కాదు," అంది లియోటా.

పిండి సంచి మీద ఇరవైనాలుగు పౌన్లని అచ్చు వేసి ఉంది. మిల్లులో వేసిన కుట్టు విప్పలేదు. కాటా ఇరవై ఒకటి చూపించింది. డెంప్సీ గుండు మళ్లీ జరిపి చూశాడు. ఇరవై ఒకటే.

"కొట్టువాడు తవ్వుకున్నాడేమో," అన్నాడు.

"అవ్వా, నీ సంచి కూడా తేవే!" అని అరిచింది లియోటా. డోవీ సంచి కూడా కుట్టు విప్పనిదే. అదీ ఇరవై ఒకటి తూగింది. రెండు సంచులు ఒకేలా తగ్గవు కదా.

 చుట్టూ చేరిన పత్తి తీసేవాళ్లంతా ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. ఈ పొలంలోకి వచ్చాక తీసిన పత్తంతా ఆ కాటా మీదే తూగింది మరి, తూకాన్ని బట్టే కూలి.

"గుండు నాది కాదురా నాయనా, యజమాని ఇచ్చింది తగిలించాను!" అని డెంప్సీ చేతులెత్తేశాడు.

ఎవరో కాటా కడ్డీ పట్టుకుని ఊపారు. ఆర్వల్ కూడా గొంతు కలిపాడు, వద్దన్నవాడే. హేల్ పుస్తకం తెరిచి గబగబా రాస్తున్నాడు. లియోటా అతని వేళ్లలోంచి పెన్సిలు, చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

"అమ్మా, ఒక్క నిమిషం, ఇప్పుడే కదా..."

"నువ్వాగు."

మూడేళ్ల తర్వాత అతని నవల దేశమంతా చదివింది. ఆ కాటా గొడవ అందులో అరపేజీ కూడా లేదు. క్లుప్తంగా, ఎంత గొప్పగా రాశాడో అని పత్రికలవాళ్లు మెచ్చుకున్నారు. బేకర్స్‌ఫీల్డ్ లైబ్రరీలో ఆ పేజీ చదివి, పెన్సిలు తను లాక్కున్నది గుర్తొచ్చి లియోటా చాలాసేపు నవ్వుకుంది. నిజానికి ఆ గొడవతో ఇరవై కుటుంబాల పని పోయింది, మర్నాడే డేరాలు పీకి టులారె వైపు వెళ్లాల్సి వచ్చింది.

కానీ ఆ సాయంత్రం ఆమెకి ఇవేవీ పట్టలేదు. చుట్టూ అరుపులు. ఆమె నేల మీద కూర్చుని, మోకాలి మీద హేల్ పుస్తకం పెట్టుకుని లెక్క కట్టింది. ఇరవైనాలుగుకి ఇరవై ఒకటంటే, ఎనిమిదికి ఏడు. అలాగైతే పదకొండుకి? ఏడో తరగతిలో నేర్చిన లెక్క తప్పుతుందేమోనని మూడుసార్లు వేసింది. మూడుసార్లూ పన్నెండున్నర దాటింది.

"రెండు వారాల్లో అర పౌను పెరిగింది," అంది హేల్ వైపు తలెత్తి. "అది చాలా?"

"నాకు తెలీదమ్మా."

"అవ్వా! చాలా?"

"చాలే తల్లీ, చాలు," అంది డోవీ.

లియోటా నాలుగోసారి లెక్క వేయడం మొదలుపెట్టింది.