గేటుకు కట్టిన అట్ట

కరోనా రెండో ఏడు నేను ఆల్థాన్ అనే గుజరాతీ పేటలో ఒక తెలుగు పెద్దాయన ఇంట్లోనే ఉండి వంట చేసేదాన్ని. ఆయన వయసులో ఉండగా అణుబాంబుల పని చేసిన శాస్త్రవేత్త. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి, బాంబులు వద్దని ఊరూరా చెప్పుకుంటూ తిరిగారు. ఏటా ఒకరోజు ఆ మాటే గుజరాతీలో అట్ట మీద రాసి గేటుకు కట్టేవారు. ఆ ఏడు మామూలు జ్వరమే వచ్చి తగ్గినా చేతుల వణుకు తగ్గలేదు. బ్రష్ నా చేతికిచ్చారు.

"నాకు రాయనొచ్చింది తెలుగే కద సార్. అది గూడ మీరు మొన్న నేర్పిందే."

"అదే రాయమ్మా. ఈసారి మానేస్తే ఇక మళ్లీ ఓపిక రాదు."

ఎర్ర రంగుతో ‘బాంబులు వద్దు’ అని రాసి కట్టాను. మర్నాడు పాలు రాలేదు. కూరగాయల బండి కూడా మా గేటు దగ్గర ఆగలేదు. ఆ రోజుల్లో జబ్బున్న ఇళ్లకు మునిసిపాలిటీ వాళ్లు కాగితం అంటించేవారు. తెలియని అక్షరాలు చూసి అందరూ ఇదీ అదేననుకున్నారు.

నన్ను మాసీ, అంటే పిన్నీ, అని పిలిచే పాలవాడు వీధి అవతలి నుంచే హిందీలో అరిచాడు. "మాసీ, ఎంతమందికి వచ్చింది?"

ఎవరికీ రాలేదని, అట్ట మీదున్నది బాంబుల సంగతని చెప్పాను.

"జనం దగ్గుతోనే పోతుంటే ఇంకా బాంబెందుకు మాసీ? అది తీసెయ్, రేపు పాలు పోస్తా."

లోపలికొచ్చి చెప్పాను. పెద్దాయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"తీసెయ్యమ్మా. టీ లేకుండా ఎన్నాళ్లుంటాం?"

"తీస్త సార్. పారేసుడు మాత్రం నాతోని కాదు."

అట్టను ఆ రేకు గేటుకే లోపలివైపు కట్టాను, ఆయన కుర్చీలోంచి కనబడేలా. ఆ వీధిలో దాన్ని చదవగలిగేది ఎలాగూ మేమిద్దరమే.