ఒంటెద్దుల జత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క ఎద్దే ఉండేది. వానలు లేని ఏడు రెండోదాన్ని అమ్ముకున్నారు. చర్చి వీధిలో ఉండే మామకూ ఒక్కటే. ఆయన మా మతం కాదు, బంధువూ కాదు. అయినా నేను మామా అనే పిలిచేదాన్ని. రెండు ఎద్దుల్నీ ఒకే కాడికి కట్టి, ఒకరోజు మా చేను, ఒకరోజు వాళ్ల చేను సేద్యం చేసేవారు. మా పల్లెలో ఒంటెద్దు వాళ్లందరూ అట్లాగే బతికారు.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. వేరుశనగ విత్తాలంటే నేల తడి రెండు రోజులకు మించి నిలవదు. ఆ పంట పోతే మాకు తిండి లేదు. సరిగ్గా అప్పుడే, ఎక్కడో దూరపు పట్నంలో మతం పేరుతో కొట్టుకున్నారని పేపర్లో వచ్చింది. టీ అంగట్లో ఎవరో గట్టిగా చదివారు. విన్నవాళ్లు తలా ఒక మాట అన్నారు. నాయన ఆ మాటలన్నీ మోసుకుని ఇంటికొచ్చాడు. మామ కూడా విన్నాడేమో, ఆ రోజు రాలేదు. ఆయనే రావాలని నాయన కూర్చున్నాడు. బయట ఎండకు చేను ఆరిపోతోంది.

మరునాడు తెల్లవారగానే మా జేజి, అంటే నాయనమ్మ, ఎవరినీ అడగకుండా ఎద్దు పగ్గం విప్పి వీపు మీద తట్టింది.

"దాని ఎనకాల పో పాపా. నువ్వేం మాట్లాడొద్దు."

ఎద్దు నేరుగా చర్చి వీధికి నడిచింది. మామ ఎద్దుకు ఎడమపక్క, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి దాని మెడ నాకింది. మామ బయటికొచ్చి అట్లాగే చూస్తుండిపోయాడు. అంతలో జేజి వచ్చింది, వెనకాలే నాయన.

"ఏమప్పా, ఈ ఎద్దుకు ఎవురూ పేపరు చదివి చెప్పలేదేమో!" అంది జేజి.

మామకు నవ్వు ఆగలేదు. "మీ ఇంట్లో ఏమనుకుంటారో అని యాడికీ కదల్లేదత్తా" అన్నాడు.

"ఊరికే కూర్చుంటే నేల పదును ఆగుతాదా? లెయ్, కాడి ఎత్తు."

నాయన తల వంచుకుని పోయి కాడి రెండోవైపు పట్టుకున్నాడు. తడి ఇంకా ఒక్క రోజే ఉంది. ముందు మీ చేను అని నాయన, కాదు మీదే అని మామ. జేజి ఇద్దర్నీ తిట్టి చెరి సగం విత్తించింది. ఆ ఏడు రెండిళ్లలోనూ సగం పంటే. కానీ రెండిళ్లూ తిన్నాయి.

ఆ సాయంత్రం జేజి నా తల దువ్వుతూ, "ఆ పట్నంలో కూడా ఈ పొద్దు ఎవురో ఇద్దురు కలిసి పని చేసుకుంటాంటారు. అది రాసేవాళ్లు లేరు, అంతే" అంది. అంత ధైర్యం, అంత తెలివి నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

ఇప్పుడు ఫోన్లలో గంటకొకటి అలాంటి వార్త వస్తుంది. నాకూ లోపల జంకు పుడుతుంది. అట్లా జంకు పుట్టిన రోజు మాత్రం తప్పకుండా చెప్పులేసుకుని మామ కోడలి ఇంటికి బయలుదేరతాను. ఆమె వచ్చేదాకా కూర్చోను. ఒక్కోసారి ఆమే నాకు దారిలో ఎదురొస్తుంది.