పత్తి మిల్లులో వినోద పెట్టిన లింకు

సిరిసిల్ల పిల్ల వినోద కరీంనగర్‌లో మా ఆఫీసులో జావాస్క్రిప్ట్ రాస్తుంది, అదీ ట్రయల్ మీద. ట్రయల్ అంటే పని అందరికంటే ఎక్కువ, కుర్చీకి మాత్రం ఒక చెయ్యి ఉండదు. పర్మనెంట్ ఎప్పుడని అడిగితే మా సారు రాజేశ్వర్‌రావు, ఆదిలాబాద్ పత్తి మిల్లు పని అయ్యాక చూద్దామనేవాడు.

ఆ మిల్లుకు బండ్లకు టోకెన్లిచ్చే ప్రోగ్రాం ఒకటి, పత్తి తూచే కాంటా ప్రోగ్రాం ఒకటి. ధరల లెక్క ఉన్న ఫోల్డర్ రెండింటికీ ఒక్కటే. దాన్ని రెండో చోట కాపీ చేయకుండా, అక్కడ లింకు మాత్రం పెట్టే స్క్రిప్టు సారే తన మ్యాక్‌లో రాశాడు. మిల్లులో ఉన్నవి విండోస్ కంప్యూటర్లు, ఒకసారి వాటిలో నడిపి చూద్దామని వినోద అంటే, నా దాంట్లో నడుస్తోంది కదా అన్నాడు. మహానుభావుడు!

కొనుగోళ్లు మొదలయ్యే రోజు వినోదనూ నన్నూ మిల్లుకు తోలాడు. ముహూర్తం దాటకముందే మొదటి బండికి టోకెన్ ఇచ్చి కొబ్బరికాయ కొట్టడం అక్కడి ఆనవాయితీ. మొదటి బండి లీలాబాయి అనే రైతుది. ఎద్దులు ఆగడం లేదని ఆమె గొణుగుతోంది. వినోద స్క్రిప్టు నడిపితే, లింకు పెట్టే అధికారం నీకు లేదు పొమ్మంది విండోస్. అడ్మిన్ పాస్‌వర్డ్ మిల్లు సేటు అల్లుడికే తెలుసట. ఆయన నాగ్‌పూర్‌లో ఎవరిదో పెళ్లి బరాత్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు.

సారుకు ఫోన్ చేసి చెబితే ఇంతెత్తున లేచాడు. ఫోల్డర్ కాపీ చేసి పడేయమన్నాడు, లేదంటే సోమవారం నుంచి ఆఫీసుకు రావద్దన్నాడు. నాకు ఒళ్లు మండింది. వినోద మాత్రం నిదానంగా జవాబిచ్చింది.

"కాపీ చేస్తే రేపు ఒకదాంట్ల ధర మారుస్తరు, ఇంకోదాంట్ల మర్శిపోతరు సార్. రైతు మునుగుతడు. నేను చెయ్య."

ఫోన్ పెట్టేసి, స్క్రిప్టులో లింకు రకం దగ్గర 'జంక్షన్' అని చేర్చింది. విండోస్‌లో ఆ రకం లింకుకు అడ్మిన్ అధికారం అక్కర్లేదు. మ్యాక్, లినక్స్ ఆ మాటను పట్టించుకోకుండా మామూలు లింకే పెట్టుకుంటాయి. మళ్లీ నడిపింది. ప్రింటర్ టోకెన్ కక్కింది. లీలాబాయి దాన్ని కళ్లకద్దుకుంది, గుమాస్తా ఓంప్రకాశ్ కొబ్బరికాయ కొట్టాడు.

కాసేపటికి సారు నుంచి ఫోన్. గొంతులో తేనె కారుతోంది. నడుస్తదని నేను ముందే చెప్పిన కదా అంటున్నాడు. సిగ్గు లేదు మనిషికి. వినోద స్పీకర్ పెట్టి ఫోన్‌ను పక్కనే కూర్చున్న మిల్లు సేటు ముందుకు జరిపింది.

"సార్, నా నౌకరి పక్కానా, కాదా? సేటు ఇంటుండు. జర గట్టిగ చెప్పుండ్రి."

సేటు ఫోన్ మీదికి వంగాడు.

"పక్కానే" అన్నాడు సారు, మింగలేక కక్కలేక.

వినోద ఫోన్ కట్ చేసి, పత్తి బోరాల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.