అంగుళాలమ్మ కొలిచిన వీధి

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడని అందరూ అంగుళాలమ్మ అంటారు. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే కళ్ళతోనే నడుము కొలిచేసి, "ఈమధ్య బాగా ఒళ్ళు చేశావే!" అని మొహాన అనేస్తుంది. అయినా ఆవిడ చేతి చొక్కా ఒకసారి తొడుక్కున్నవాళ్ళు ఇంకో దర్జీ గడప తొక్కరు.

ఆవిడ కుట్టుమిషను పడమటి కిటికీ దగ్గర ఉంటుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం బల్బు వెలుగులో కనబడి చావదు, ఎండ ఉండాల్సిందే. ఎదుటి ఖాళీ జాగాలో పదంతస్తుల మేడ వస్తుందనీ, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పాలనీ బోర్డు పెట్టేసరికి ఆవిడ గుండెల్లో రాయి పడింది.

మర్నాడే పురపాలక ఆఫీసుకెళ్ళి కాగితాలు చూపించమంది. పదంతస్తులు కట్టాలంటే ముందున్న రోడ్డు నలభై అడుగులుండాలట. ముప్పై అయితే నాలుగంతస్తులే. కాగితంలో నలభై అనే ఉంది.

"నలభయ్యా! పక్కింటాయన కారు తిప్పాలంటే వీధంతా బయటికొచ్చి దారి చెప్పాలి కదయ్యా!" అని అక్కడి గుమాస్తాతో అనేసి ఇంటికొచ్చి, మెడలో వేలాడే టేపు తీసింది. రెండో కొస తోటికోడలి చేతికిచ్చింది. ఐదేసి అడుగులకి సుద్దముక్కతో గీతలు పెడుతూ వీధికి అడ్డంగా వంగి నడిచారు.

"అక్కా, అందరూ చూస్తున్నారు."

"చూడనీవే. వీధికి చొక్కా కుడుతున్నామని చెప్పు."

లెక్క ముప్పై అడుగులు తేలింది. ఆ లెక్కే రాసి పురపాలక ఆఫీసులో అభ్యంతరం ఇచ్చింది.

విచారణ రోజున పురపాలక అధికారి ముందు మేడ కట్టేవాళ్ళ ఇంజినీరు నవ్వుతూ తన ఉక్కు టేపుని ఆవిడ టేపు పక్కన బల్ల మీద పరిచాడు. ఆవిడ అరవై అంగుళాలు అతని లెక్కలో అరవై ఒకటి! ఇరవై ఏళ్ళు లాగీ లాగీ టేపు సాగిపోయింది. ఒంటినీ గుడ్డనీ అదే టేపుతో కొలిచేది కాబట్టి ఒక్కరికీ తేడా తెలియలేదు.

"ఈవిడ కొలతే తప్పండీ. అభ్యంతరం కొట్టేయండి" అన్నాడు ఇంజినీరు.

అంగుళాలమ్మకి తల కొట్టేసినట్టయింది. కొలతల్లో తప్పుపట్టించుకోవడం ఆవిడకి ఇదే మొదలు. కళ్ళు తుడుచుకుని, వేళ్ళ మీద లెక్క వేసుకుని అధికారి వైపు తిరిగింది.

"నిజమే సార్. నా టేపు ఆరంగుళాలు తక్కువ చూపించింది. మరి వీళ్ళ కాగితం తొమ్మిదిన్నర అడుగులు ఎక్కువ చూపిస్తోంది. రండి, ఆ ఉక్కు టేపుతోనే కొలుద్దాం."

అధికారి వచ్చి స్వయంగా కొలిచాడు. ముప్పై అడుగుల ఆరంగుళాలు! నాలుగంతస్తులకే అనుమతి దొరికింది.

పూర్తిగా గెలిచిందంటే అబద్ధమే అవుతుంది. మేడ లేచాక మూడు గంటలకల్లా ఆవిడ కిటికీకి నీడ వచ్చేస్తోంది. నల్ల గుడ్డలన్నీ ఆ లోపే ముగించుకుంటోంది.

ఓ రోజు ఆ మేడ పై అంతస్తులోకి కొత్తగా దిగిన అమ్మాయి వచ్చింది. "ఆంటీ, సాయంత్రం ఎండ మొహాన కొడుతోంది. మందపాటి తెరలు కుట్టిపెట్టరా?"

అంగుళాలమ్మ మిషను ఆపింది.

"అది నా కిటికీకి రావాల్సిన ఎండ తల్లీ! నాకు దక్కనిదాన్ని నువ్వూ వద్దంటే ఎట్లా? పల్చటి గుడ్డ తెచ్చుకో, అప్పుడు కుడతా."