సబ్బునీళ్లలో పెన్ డ్రైవ్

కరోనా రోజుల్లో సూరత్‌లో మా ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువూ సబ్బునీళ్లలో మునగాల్సిందే. ఒకరోజు పాల ప్యాకెట్లతో పాటు పక్కింటి తమ్ముడిచ్చిన పెన్ డ్రైవ్‌నూ ముంచేశాను. చీరల మీద మిషన్ ఎంబ్రాయిడరీకి అతను ఆరేళ్లుగా గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. మా కంప్యూటర్‌లో కూడా ఒక కాపీ ఉంచమని ఇచ్చాడు.

సంగతి చెప్పగానే గుమ్మం బయటే కూలబడ్డాడు. "ఏంది అక్కా, కొత్తిమీర లెక్క కడిగినవా దాన్ని?" అన్నాడే గానీ కసురుకోలేదు. ఆ మంచితనానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మూడు రోజులు దేవుడి గూటి పక్కన, ఎండ తగిలే చోట ఆరబెట్టాను. దీపం పెట్టినప్పుడల్లా చూపు అటే పోయేది.

"ఇంత ముక్కలో అన్ని పూలు ఎక్కడుంటాయి తమ్ముడూ?"

"లోపల చిప్పు ఉంటది అక్కా. హార్డ్ డిస్క్‌ల ఉన్నట్టు తిరిగే పళ్లెం దీంట్ల ఉండదు. తడి మొత్తం ఆరితే బతకొచ్చు."

కదలకుండానే అన్నీ గుర్తుంచుకుంటుందా అని ఆశ్చర్యపోయాను.

నాలుగో రోజు మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, దాన్ని కంప్యూటర్‌కు పెట్టాడు. కాసేపటికి తెర నిండా మామిడి పిందెలు, నెమళ్లు. నేను తెరకు చేతులు జోడించి అతనికి అడ్డంగా నిలబడిపోయాను.

"దండం తర్వాత పెట్టుకో అక్కా. ముందు జర కాపీ చెయ్యనియ్యి!"